పల్లె గుడికి రంగులు వేసే ముందు: చరిత్ర, సామాన్ల చిట్టా రాసుకునే పద్ధతి

పండుగ దగ్గర పడిందంటే పల్లెలోని కతోలిక గుడిలో (చర్చిలో) మొదలయ్యే పనులు రెండు. గోడలకు వెల్ల వేస్తారు, స్వరూపాలకు, అంటే మరియమాత, పునీతుల విగ్రహాలకు, రంగులు కొడతారు. ఆ రెండు మూడు రోజుల్లోనే గుడి చరిత్ర చాలావరకు పోతుంది. వాకిలి పైన రాతిలో చెక్కిన సంవత్సరం ఎనామిల్ కింద పూడిపోతుంది. వెనక గదిలోని పాత లాటిన్ పుస్తకం చిత్తుకాగితాల్లో కలుస్తుంది. ఏ సామాను ఎవరిచ్చారో తెలిసిన అవ్వ కాలం చేశాక అడగడానికి మనిషే ఉండదు. అందుకే ముందు చూడాలి, చూసింది రాయాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల విచారణల (పారిష్‌ల) కింద ఉండే చిన్న గుళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్న పద్ధతి ఇది. నూరు, నూటయాభై మంది చాపల మీద కూర్చుంటే నిండిపోయే గుళ్లు అవి. నెలకు ఒకటో రెండో పూజలు (మాస్) జరుగుతాయి. మిగతా రోజుల్లో తాళంచెవి గురువులు లేనప్పుడు ప్రార్థనలు చెప్పించే ఉపదేశిగారి ఇంట్లో ఉంటుంది.

కావలసినవి తక్కువే. గట్టి అట్ట ఉన్న 200 పేజీల రిజిస్టరు, పెన్సిళ్లు, 5 మీటర్ల టేపు, మంచి వెలుతురిచ్చే టార్చి, మెత్తటి పెయింటు బ్రష్షు ఒకటి కొత్తది, పల్చటి తెల్ల కాగితాలు, నల్ల మైనపు క్రేయాను, నూలు నాడా, సెల్‌ఫోను ఉంటే చాలు. మనుషులు ఇద్దరుండాలి. ఒకరు చూసి చెబుతుంటే ఇంకొకరు రాస్తారు. ఒక్కరే రెండు పనులూ చేస్తే కొలతలు తప్పుతాయి. విచారణ గురువులకు (ఫాదరుగారికి) ముందే చెప్పి అనుమతి తీసుకోండి. దివ్యసత్ప్రసాద మందసం (పూజలో ఆశీర్వదించిన అప్పాన్ని భద్రపరిచే చిన్న పెట్టె), పానపాత్రల (పూజలో ద్రాక్షరసం పోసే గిన్నెల) వరకు ఆయన ఉన్నప్పుడే చూడండి.

మూడు వయసులు

"మా గుడి మున్నూరేండ్ల నాటిది" అనే మాట ఈ ప్రాంతంలో అక్కడక్కడా వినిపిస్తుంది. దానికి ఆధారం లేకపోలేదు. 18వ శతాబ్దం మొదటి ఏళ్లలోనే ఫ్రెంచి జెస్యూట్ గురువులు కర్ణాటక మిషన్ పేరుతో పుంగనూరు దాకా వచ్చారు. 1773లో పోపు 14వ క్లెమెంటు జెస్యూట్ సభను రద్దు చేశాక ఆ పని పారిస్ విదేశీ మిషన్ గురువుల చేతికి వచ్చింది. అంటే ఒక ఊరి విశ్వాసుల సంఘం నిజంగానే అంత పాతది కావచ్చు. ఇప్పుడు నిలబడి ఉన్న గుడి మాత్రం మూడో కట్టడమో నాలుగో కట్టడమో అయి ఉంటుంది. లోపలి స్వరూపం గుడి కంటే పాతది కావచ్చు, కొత్తదీ కావచ్చు. కాబట్టి రిజిస్టరు మొదటి పేజీలోనే సంఘం, కట్టడం, సామాన్లు అని మూడు గళ్లు గీసి, ఏ ఆధారం ఏ గడిలో పడుతుందో చూసి రాయండి. వీటిని కలిపేయడం వల్లే గుడి చరిత్రల్లో ఎక్కువ తప్పులు దొర్లుతున్నాయి.

పాలక పునీతుల (ఎవరి పేరున గుడి ఉందో ఆ పరిశుద్ధుల) పేరు కూడా కాలాన్ని పట్టిస్తుంది. లూర్దుమాత దర్శనాలు 1858లో జరిగాయి కాబట్టి లూర్దుమాత పేరున్న గుడికి ఆ పేరు అంతకు ముందు ఉండే వీలు లేదు. ఫాతిమామాత అయితే 1917 తర్వాతి మాట. క్రీస్తురాజు పండుగ 1925లో ఏర్పడింది, చిన్న తెరేజమ్మగారిని పునీతురాలిగా ప్రకటించింది కూడా అదే ఏడు. జోజప్పగారి (యోసేపుగారి) పండుగను మార్చి 19న కాకుండా మే 1న చేసే ఊరైతే ఆ ఆచారం 1955 తర్వాత వచ్చిందే. అంతోనివారు, మరియమాత, సవేరియారువంటి పాత పేర్లతో ఇలా తేల్చలేం. ఒక జాగ్రత్త. గుడి పెద్దదయ్యాక పాలకుల పేరు మార్చిన ఊళ్లున్నాయి. పేరు చెప్పేది పేరు వయసునే, గోడల వయసును కాదు.

గోడ మీద, రాతి మీద చూడవలసినవి

ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ గుడి చుట్టూ ఒకసారి నిదానంగా తిరగండి. వాకిలి పైకమ్మి, మెట్లు, సిలువ కంబం దిమ్మె, గంట కట్టిన కూసం, ఈ నాలుగు చోట్లా రాతలు ఉండే అవకాశం ఎక్కువ. అక్షరాలు అరిగిపోయి ఉంటే చీకటి పడ్డాక టార్చిని రాతికి ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకోండి. ఎదురుగా వేస్తే కనబడని గీత పక్కవెలుగులో నీడతో లేచి కనిపిస్తుంది. నాలుగు పక్కలనుంచీ నాలుగు ఫొటోలు తీయండి. అక్షరాల్లో సుద్దపొడి గానీ పిండి గానీ రుద్దకండి. వెల్ల పొరల కింద ఉంటే ఉలి, ఇనుప బ్రష్షు వద్దు. కొంచెం తడిచేసి, వెదురు బద్దను చెంచా మొనలా చెక్కుకుని పొర పొరగా తీయండి. రాయికి గీత పడదు.

భాషను కూడా గమనించండి. "అర్చ్యశిష్ట అంతోనివారు" అని ఉంటే అది పాతతరం రాత, ఇప్పుడు మనం "పునీత" అంటున్నాం. సరిహద్దు పల్లెల్లో తమిళ అక్షరాలు కనబడితే ఆశ్చర్యపోవద్దు, ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి చదవగలిగినవాళ్లకు చూపించండి. సంవత్సరం రోమన్ అంకెల్లో ఉంటే ఇలా లెక్కకట్టండి: ఎం అంటే 1000, డి 500, సి 100, ఎల్ 50, ఎక్స్ 10, వి 5, ఐ 1. చిన్న అంకె పెద్దదాని ముందుంటే తీసేయాలి, వెనకుంటే కలపాలి. ఎం, డి, మూడు సిలు, ఆ తర్వాత ఎక్స్ సి అని ఉంటే 1000, 500, 300, 90 కలిపి 1890.

కప్పు మంగళూరు పెంకులదైతే, పెంకులు మార్చేటప్పుడు రెండు మూడు తిరగేసి చూడండి. అడుగున కంపెనీ ముద్ర ఉంటుంది. మంగళూరులో మొదటి పెంకుల ఫ్యాక్టరీని బాసెల్ మిషన్ వాళ్లు 1865లో పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అవే ఫ్యాక్టరీలు కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి పోయాయి, ముద్రా మారింది. పెంకులు ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మారుతుంటాయి కాబట్టి ముద్ర ఒక్కటే సాక్ష్యం కాదు. పగిలిన పెంకుల్లో ముద్ర ఉన్న ముక్కొకటి దాచండి.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

చిన్న గుడిలో జ్ఞానస్నాన రిజిస్టరు ఉండదు, విచారణ గుడిలో ఉంటుంది. ఇప్పటి విచారణ ఎప్పుడు ఏర్పడిందో కనుక్కుని, అంతకు ముందు మీ ఊరు ఏ విచారణ కింద ఉండేదో అడగండి. పాత పుస్తకాలు అక్కడుంటాయి. ఈ ప్రాంతం ఇప్పుడు కడప మేత్రాసనంలో (బిషప్పుగారి పరిధిలో) ఉంది. అది 1976 అక్టోబరు 19న నెల్లూరు మేత్రాసనం నుంచి వేరుపడింది. నెల్లూరు 1928లో మద్రాసు నుంచి వేరుపడింది. వెదుకులాట కూడా వెనక్కి అదే దారిన పోవాలి.

పాత రిజిస్టర్లు లాటిన్‌లో ఉంటాయి. భయపడనక్కర్లేదు. గళ్లు చాలావరకు ఇవే ఉంటాయి: పుట్టిన రోజు, జ్ఞానస్నానం జరిగిన రోజు, బిడ్డ పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, గురువుల సంతకం. మీరు వెదకవలసింది మీ ఊరి పేరు. అది మొదటిసారి ఏ తేదీన కనబడిందో అదే మీ సంఘానికి దొరికిన మొదటి రాత ఆధారం. ఊరి పేరు విదేశీ గురువులు చెవికి విన్నట్టు రాసి ఉంటారు, కాబట్టి పైకి చదివి పోల్చుకోండి. రిజిస్టరు పేజీలకు ఫొటోలు తీయకండి, అవి ఇళ్ల గుట్టు. తేదీ, పుట సంఖ్య రాసుకుంటే చాలు.

స్థలం కాగితాల దగ్గర చాలామంది తికమక పడేది జిల్లా పేరుతో. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాల దస్తావేజులు ఉత్తర ఆర్కాడు జిల్లా పేరుతో, మదనపల్లె, వాయల్పాడు తాలూకాలవి కడప జిల్లా పేరుతో ఉంటాయి. పుంగనూరు, కార్వేటినగరం, శ్రీకాళహస్తి జమీన్ల కింది ఊళ్లయితే 1948 ఎస్టేట్ల రద్దు చట్టానికి ముందు, తర్వాత అని రెండు రకాల కాగితాలు ఉంటాయి. తిరుత్తణి తాలూకా 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది, కాబట్టి ఆ పక్క పల్లెల వాళ్లు అక్కడ కూడా అడగాలి. ఫసలీ సంవత్సరం (జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం) కనబడితే 590 కలపండి. ఫసలీ 1330 అంటే 1920 జూలై నుంచి 1921 జూన్ వరకు.

దానపత్రం ఎవరి పేరున ఉందో, సర్వే నంబరు ఎంతో, చెక్కుబందీలో నాలుగు దిక్కులా ఏమేం రాశారో చూసి, ఇప్పటి హద్దులతో సరిపోల్చి రాయండి. హద్దుల్లో చెప్పిన చింతమాను, బావి ఇప్పుడు లేకపోయినా అవి ఎక్కడుండేవో చూపించగల ముసలివాళ్లు ఊళ్లో ఉంటారు.

అవ్వతాతలను అడిగే తీరు

"ఏ సంవత్సరం?" అని అడిగితే జవాబు రాదు, వచ్చినా నమ్మలేం. ఇలా అడగండి: "అవ్వా, నువ్వు కాపరానికి వచ్చినప్పుడు గుడికి పెంకులుండెనా, బోద ఉండెనా?" "నేనొచ్చినప్పుడు బోదే నాయనా. మా పెద్దోడు కడుపులో ఉండంగా పెంకులు కప్పినారు." ఇక పెద్దోడి జ్ఞానస్నాన తేదీ విచారణ రిజిస్టరులో చూస్తే పెంకులు కప్పిన ఏడు దొరికినట్టే. ఆధార్ కార్డు మీది పుట్టిన తేదీని నమ్ముకోవద్దు, పెద్దవాళ్లకు చాలావరకు అంచనా మీద వేసింది. ఊరంతా గుర్తుపెట్టుకున్న ఘటనలు ఇంకో ఆసరా. ఎమర్జెన్సీ 1975 నుంచి 1977, ఎన్టీఆర్ మొదటిసారి గెలిచింది 1983, రెండో జాన్‌పాల్ పోపుగారు మద్రాసుకు వచ్చింది 1986, శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ చనిపోయింది 1991. "దానికి ముందా, తర్వాతా?" అని అడగండి. ఇద్దరిని విడివిడిగా అడగండి. మాటలు కలవకపోతే రెండూ రాసి, ఎవరు ఏది చెప్పారో పక్కన పెట్టండి. మీరే తీర్పు చెప్పి ఒకటి కొట్టేయకండి.

బలిపీఠం, దాని చుట్టూ

రెండో వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 వరకు జరిగింది. పూజ చేసే తీరు మారింది ఆ తర్వాతే. గుడి లోపలి సామాన్లన్నీ ఆ గీతకు ఇవతలివో అవతలివో అయి ఉంటాయి. పాత బలిపీఠం గోడకు ఆనుకుని ఉంటుంది, దాని వెనక కొవ్వొత్తుల స్తంభాలు పెట్టే మెట్లు రెండో మూడో ఉంటాయి. తర్వాతిది ప్రజలవైపు తిరిగి పూజ చేసే బల్ల. చాలా గుళ్లలో రెండూ ఉన్నాయి, పాతదాని మీద ఇప్పుడు మందసమో పూలకుండీలో కనిపిస్తాయి. ఎత్తు, పొడవు, వెడల్పు విడివిడిగా కొలవండి.

పాత బలిపీఠం పైభాగంలో ఒక అడుగు చదరానికి అటూఇటూగా చిన్న పలక పొదిగి ఉందేమో వేళ్లతో తడిమి చూడండి. నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి, ఐదు చిన్న సిలువలు చెక్కి, చిన్న మూతతో గూడు ఉంటే అది బలిపీఠపు రాయి. ఆ గూటిలో పునీతుల అవశేషాలు ఉంచేవాళ్లు. గుడి పడగొట్టినప్పుడు మామూలు బండ అనుకుని దీన్ని ఎక్కడో వేసేస్తారు. మూత తీయకండి, కడగకండి, గురువులకు అప్పజెప్పండి. అవశేషాలను అమ్మడం శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో పూర్తిగా నిషేధం.

పాతకాలపు పూజకు గుర్తులు ఇంకొన్ని వెనక గదిలోనే ఉంటాయి. లాటిన్ రాతలతో అద్దం కట్టిన మూడు చట్రాలు దొరికితే అవి బలిపీఠం మీద మధ్యలో ఒకటి, రెండు కొసల్లో రెండు నిలబెట్టిన ప్రార్థన పటాలు. మూడూ కలిపే ఉంచండి. సత్ప్రసాదం మోకాళ్ల మీద స్వీకరించడానికి ఉండిన కటాంజనం ఇప్పుడు గుడి బయట అరుగుకు కమ్మీగా మారి ఉండవచ్చు, దాన్నీ చిట్టాలోకి ఎక్కించండి.

మందసం కదలకుండా బిగించి ఉండాలి, లోపలిది బయటికి కనబడకూడదు, తాళం ఉండాలి, దాని ముందు దీపం వెలుగుతుండాలి. ఇవన్నీ శ్రీసభ చట్టం చెప్పేవే. చిన్న గుడిలో సత్ప్రసాదాన్ని ఉంచాలంటే చూసుకునే మనిషి ఉండాలని, వీలైనంతవరకు నెలకు రెండు పూజలైనా జరగాలని కూడా చట్టం చెబుతుంది. అందుకే చాలా పల్లె గుళ్లలో మందసం ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంటే దీపం వెలిగించకూడదు. మందసం తాళంచెవిని బలిపీఠం గుడ్డ కిందో స్వరూపం వెనకో దాచే అలవాటు మానుకోండి, దొంగలు మొదట వెదికే చోట్లు అవే.

సిలువమార్గపు పటాలు (యేసు సిలువ మోసిన దారిని చూపేవి) 14 ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ఆ లెక్క 1731లో పోపు 12వ క్లెమెంటు స్థిరపరిచింది. ఆశీర్వాదం అసలు పటాలది కాదు, వాటి పైన బిగించిన చిన్న చెక్క సిలువలది. ఫ్రేములు మార్చేవాళ్లు ఆ సిలువలు పీకి పడేసి పటాలను జాగ్రత్త చేస్తారు. జాగ్రత్త చేయవలసింది సిలువలను.

గంట

గుడి సామాన్లలో తన పుట్టుక తానే చెప్పేది గంట. కంచు గంట నడుము చుట్టూ పోత పోసినవారి పేరు, ఊరు, సంవత్సరం, కొన్నిసార్లు దాత పేరు పోతలోనే వచ్చి ఉంటాయి. కింది నుంచి కనబడవు. నిచ్చెనను ఇద్దరు పట్టుకుంటే ఒకరు ఎక్కాలి, అంతకు ముందు నాలుకను (గంట లోపల వేలాడుతూ కొట్టే కడ్డీని) గుడ్డతో కట్టేయాలి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, పల్చటి కాగితం అక్షరాల మీద పరిచి, కదలకుండా కాగితపు టేపుతో అంటించి, క్రేయానును పడుకోబెట్టి ఒకే దిక్కుకు తేలిగ్గా రుద్దండి. ఉబ్బెత్తు అక్షరం నల్లగా, పల్లం తెల్లగా వస్తుంది. చుట్టూ తిరిగే రాతను నాలుగు కాగితాల మీద తీసి, ఒకదాని చివరి అక్షరం తర్వాతిదాని మొదట్లోనూ వచ్చేలా చూసుకుంటే అతికించేటప్పుడు వరస తప్పదు. "ఐ.హెచ్.ఎస్." అని కనిపిస్తే అది యేసు నాథుని పేరుకు గ్రీకు అక్షరాల గుర్తు, దాత పేరు కాదు.

మూతి అడ్డకొలత చూడండి. కంచు గంటైతే 30 సెంటీమీటర్లకు సుమారు 17 కిలోలు, 40కి 40 కిలోలు, 50కి 75 నుంచి 80 కిలోలు, 60కి 130 కిలోల పైన ఉంటుంది. ఈ బరువు తెలియకుండా కూసం మీది చెక్క దూలాన్ని మార్చడం ప్రమాదం.

గంట పగలడానికి ముఖ్యమైన కారణాలు రెండు. నాలుకకు తాడు కట్టి అంచు దగ్గరికి లాగి బలంగా కొట్టడం ఒకటి. అలా కొట్టినప్పుడు నాలుక గంటకు ఒక్క క్షణం అతుక్కుపోతుంది, మోగాలని కదిలే కంచును ఆపేస్తుంది, కంచు అక్కడ చిట్లుతుంది. చావు గంట కొట్టడానికి ఇనుప కడ్డీతోనో సుత్తితోనో బాదడం రెండోది. కంచులో నూటికి 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం. అది మంచి నాదం ఇస్తుంది కానీ పెళుసు. నాలుక తగిలే చోట గుంట పడి ఉంటే గంటను పావు వంతు తిప్పి బిగిస్తే కొత్త చోట తగులుతుంది. నాలుక వేలాడే తోలు పట్టీ అరిగితే నాలుక కిందికి జారి సన్నటి పెదవికి తగులుతుంది, అదీ పగులుకే దారి. ఏడాదికోసారి తోలు చూడండి. పగిలిన కుండ చప్పుడు వస్తే వెంటనే కొట్టడం ఆపాలి, ఆపితే చీలిక పెరగదు. మామూలు వెల్డింగు దుకాణంలో అతికించవద్దు, వేడికి పక్కన ఇంకో చీలిక పడుతుంది. కరిగించి మళ్లీ పోయించడం ఒక్కటే దారి అంటే, రాతల అచ్చు కాగితం తీసుకోకుండా గంటను ఊరు దాటనివ్వకండి. చింతపండు పెట్టి గంటను తోమకండి. ఆకుపచ్చ నలుపు పొరే కంచుకు కాపుదల.

కొన్ని గుళ్లలో గంట బదులు రైలు పట్టా ముక్క వేలాడుతూ ఉంటుంది. కంచు గంట వచ్చాక దాన్ని పాత ఇనుముకు వేసేస్తారు. త్రికాల జపానికి ఇన్నేళ్లు ఊరిని పిలిచింది అదే, చిట్టాలో దానికీ ఒక నంబరు ఇవ్వండి.

స్వరూపాలు

మొదట దేనితో చేసిందో తేల్చండి. వేలి గణుపుతో మెల్లగా తట్టి చూస్తే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడిగా టక్‌మంటుంది, అడుగున తెల్లటి పొడి రాలుతుంది. కాగితపు గుజ్జుతో చేసింది చూపుకు పెద్దదిగా ఉన్నా చేతికి తేలిక. చెక్కది వెనకవైపు నిలువు చీలికలు చూపిస్తుంది. సిమెంటుది చల్లగా, బరువుగా ఉంటుంది. ఫైబరుది లోపల బోలు, అంచుల్లో నార కనిపిస్తుంది. వెనక, పీఠం అడుగున తయారీదారు ముద్ర, ఊరు పేరు ఉంటాయేమో చూడండి. ఎత్తేటప్పుడు చేతులు, తల పట్టుకోవద్దు. ఒక చెయ్యి పీఠం కింద, ఒక చెయ్యి నడుము వెనక ఉండాలి.

ప్లాస్టరుకు శత్రువు నీళ్లు. జిప్సం నీటికి మెత్తబడి మెల్లగా కరుగుతుంది, లోపలి ఇనుప తీగ తుప్పు పట్టి ఉబ్బి మెడ దగ్గరో మణికట్టు దగ్గరో చీలుస్తుంది. తడి గుడ్డతో తుడవడం, చేతులకు తడి పూలమాలలు తగిలించడం వద్దు. పూలు పీఠం ముందు పళ్లెంలో పెట్టండి. ఆరోగ్యమాతకు చీర కట్టే చోట ముందు పాత నూలు గుడ్డ చుట్టి దాని మీద కట్టండి, పిన్నీసులు గుడ్డకే గుచ్చండి. జరీ అంచు రాసుకుని ముక్కు, వేళ్ల కొసల్లో రంగు పోతుంది.

ఎనామిల్ గురించి గట్టిగా చెప్పాలి. పాత స్వరూపం ముఖంలో చెంప మీది లేత ఎరుపు, కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ సన్న కుంచెతో వేసినవి ఉంటాయి. ఒక్క కోటు ఎనామిల్ వాటిని శాశ్వతంగా మూసేస్తుంది. నాలుగైదు కోట్లు పడ్డాక పెదవుల మధ్య గీత, వేళ్ల మధ్య సందు కూడా పూడిపోతాయి, అమ్మ ముఖం బొమ్మ ముఖం అవుతుంది. దాన్ని గీకి తీయాలని చూస్తే అసలు రంగూ ఊడొస్తుంది. ఇప్పటికే వేసి ఉంటే అలాగే వదిలేయండి, ఇంకో కోటు వేయకండి. వేలు విరిగితే ముక్కను కవరులో పెట్టి పేరు, తేదీ రాసి దాచండి. ఎమ్‌సీల్‌తోనో అరాల్డైట్‌తోనో అతికిస్తే రేపు తెలిసినవాళ్లు వచ్చినా విడదీయలేరు. ఎక్కువమంది భక్తితో కొలిచే విలువైన పాత స్వరూపాన్ని బాగుచేయించాలంటే పీఠాధిపతుల (బిషప్పుగారి) రాతపూర్వక అనుమతి కావాలి.

ఇత్తడి, బట్టలు, పుస్తకాలు

ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలను చింతపండుతో తోమవచ్చు. పానపాత్రను మాత్రం వద్దు. దాని లోపల బంగారు పూత ఉంటుంది, రాపిడికి పోతుంది. మైనాన్ని కత్తితో గీకకుండా వేడినీళ్లలో ముంచి మెత్తబడ్డాక గుడ్డతో తుడవండి. పాత్ర తుడిచే చిన్న గుడ్డలను మొదట విడిగా నీళ్లలో జాడించి ఆ నీళ్లను కాలువలో కాకుండా గుడి ఆవరణలో ఎవరూ తొక్కని మట్టిలో పోయాలి, తర్వాతే సబ్బు.

పూజ వస్త్రాల్లో వీపు వెడల్పుగా, ముందువైపు ఫిడేలు ఆకారంలో నొక్కుకున్నట్టుండేవి, ఎడమ చేతి మణికట్టుకు వేలాడే చిన్న పట్టీ ఉన్నవి పాత జతలు. ఆ పట్టీ 1967 తర్వాత అవసరం లేకుండా పోయింది. జరీ ఉన్నవాటిని ఉతకకండి. మడతల్లో మెత్తటి నూలు గుడ్డ చుట్టలు పెట్టి, ఏడాదికి రెండుసార్లు మడత చోటు మార్చండి, లేదంటే పట్టు అక్కడే చీలుతుంది. ఎండిన వేపాకును గుడ్డసంచిలో కట్టి పెట్టె మూలల్లో ఉంచండి. నాఫ్తలీన్ గుళికలు బట్టకు తగలకూడదు.

బీరువాను, పుస్తకాల పెట్టెను గోడకు రెండంగుళాల దూరంలో రాతి ముక్కల మీద నిలబెట్టండి. మన ఎర్రనేలల్లో చెదలు గోడ వెంటే ఎక్కుతాయి. సందు ఉంటే మట్టి గీత కంటబడుతుంది.

చిట్టా రాసే తీరు

ఒక్కో సామానుకు ఒక్కో పేజీ. నంబరు, పేరు, ఎక్కడుంది, దేనితో చేసింది, కొలతలు, దాని మీది రాత ఉన్నది ఉన్నట్టు, ఇప్పటి స్థితి, ఎవరిచ్చారు, ఆ సంగతి చెప్పిందెవరు, ఫొటో నంబరు, తేదీ. "బాగుంది" అని రాయకండి. "ఎడమ చేతి చూపుడు వేలు కొస విరిగింది, ముక్క ఉంది" అని రాయండి. సామాను మీద మార్కరుతో నంబరు వేయవద్దు. నూలు నాడాకు చిన్న అట్టముక్క కట్టి పెన్సిలుతో రాయండి. ఫొటోలో పక్కన స్కేలు పెట్టండి.

నకళ్లు మూడు. ఒకటి గుడిలో, ఒకటి విచారణలో, ఒకటి పీఠాధిపతుల కార్యాలయంలో. పానపాత్రలు, మందసం ఉన్న పేజీలను వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

ఇక రంగుల సంగతి

చిట్టా పూర్తయ్యాకే గోడలు. సున్నపు గార గోడకు సిమెంటు పూత, ఎమల్షన్ వేస్తే లోపలి తేమ బయటికి రాలేక ఉప్పు పొంగి, పొర బుడగలై ఊడుతుంది. మోకాలెత్తు వరకు ఇలా ఊడిన చాలా గుళ్లలో కారణం ఇదే. సున్నమే వేయండి. కనీసం రెండు వారాలు నానిన సున్నపు ముద్ద ఒక పాలుకు నీళ్లు రెండు మూడు పాళ్లు కలిపి, గుడ్డలో వడగట్టి, పల్చటి మజ్జిగలా చేసుకోండి. బకెట్టుకు పిడికెడు ఉప్పు వేయండి. గోడను ముందు నీళ్లతో తడిపి, పల్చగా మూడు కోట్లు, కోటుకు కోటుకు మధ్య ఒక రోజు ఆగి వేయాలి. చిక్కగా ఒకటే కోటు వేస్తే పెళ్లలు రాలుతుంది. సున్నం కళ్లలో పడితే చూపుకే ముప్పు, వేసేవాళ్లకు కళ్లను కాపాడే అద్దాలు ఇవ్వండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి కోతులు కదిలించిన పెంకులను సెప్టెంబరులోనే సర్ది, సున్నం జనవరి తర్వాత వేయండి. రాతలున్న రాళ్లకు సున్నం కూడా వద్దు, చుట్టూ కాగితం అంటించి వదిలేయండి.

పని చేస్తుండగా ఆశీర్వదించిన వస్తువు ఏదైనా బాగు కానంతగా పగిలితే చెత్తలో వేయకూడదు. కాలేదైతే కాల్చి బూడిదను, కాలనిదైతే ముక్కలను, గుడి ఆవరణలో ఎవరూ తొక్కని చోట మోకాలి లోతున పూడ్చాలి. దాని పేజీ చింపకండి. ఎక్కడ, ఏ తేదీన పూడ్చారో, ఎవరు ఉన్నారో ఆ పేజీలోనే రాయండి. ఆ నంబరును ఇంకో సామానుకు ఇవ్వకండి.